నాన్న కంప్యూటర్, ఉచితానుచితాలు

పోయిన సెప్టెంబరులో ఒక రాత్రి భీమవరం నుంచి నాన్న ఫోన్ చేశారు. “ఏరా, కంప్యూటర్ తెర మీద నోటీసు పడింది. అక్టోబర్ 14 తర్వాత సపోర్టు ఉండదట. మనమేమైనా కట్టాలా?” అని అడిగారు. రిటైరైన తెలుగు మాస్టారికి నోటీసంటే ఏదో బకాయి ఉన్నట్టే లెక్క. విండోస్ 10కి ఆ తేదీతో మామూలు అప్‌డేట్లు ఆగిపోతాయి, అంతే, మర్నాడు కంప్యూటర్ వెలగకుండా పోదు అని చెప్పాను. ఆయన అప్పటికే వీధి చివర షాపు కుర్రాడిని అడిగేశారు. అతను చూసి, “మాస్టారూ, మీ బండికి విండోస్ 11 ఎక్కదు, ఎక్కినా లాగదు. అయినా ఏదో ఒకటి చేసి ఎక్కిస్తా. ఫార్మాట్ కొట్టి, ఆఫీసు, ఫోటోషాప్, యాంటీవైరస్ అన్నీ ఫ్రీగా వేసిస్తా. ఐదొందలివ్వండి” అన్నాడట.

ఐదొందలూ ఫార్మాట్‌కి, మిగతాదంతా ఫ్రీ. “ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతార్రా జనం” అని నవ్వారు గానీ, నేను వచ్చేదాకా ఆగమని అతనికి చెప్పారు. ఫోన్ పెట్టేశాక ఆ ‘ఫ్రీ’ నన్ను పట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా చుట్టాలకీ స్నేహితులకీ “ఇది ఫ్రీయే, వేసేసుకోండి” అని చెబుతూ వచ్చినవాణ్ణి నేను. ఆ మాటకి అర్థమేమిటో నేనే ఎప్పుడూ సరిగ్గా ఆలోచించలేదు.

దసరాకి వెళ్ళి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పదేళ్ళనాటి డెస్క్‌టాప్. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్కు. స్విచ్ నొక్కి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చినా ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. తెరుచుకున్నాక గడియారం పక్కన చిన్న చిన్న బొమ్మలు పదకొండు లెక్కపెట్టాను. యాంటీవైరస్‌లు రెండు, ఒకదాన్నొకటి అనుమానించుకుంటూ. చెత్త ఊడ్చేదొకటి. డ్రైవర్లు కొత్తవి తెస్తాననేదొకటి. పీడీఎఫ్‌ని వర్డ్‌గా మార్చేవి మూడు. అన్నీ ఫ్రీ. చెత్త ఊడ్చేది పది నిమిషాలకోసారి ఎర్రగా పైకి లేచి, మీ కంప్యూటర్‌లో 1,284 సమస్యలున్నాయి, డబ్బు కడితే తీసేస్తాను అంటోంది. “రోజూ అంతే” అన్నారు నాన్న. “నేను రోజూ ఇంటూ గుర్తు నొక్కుతా. టీవీలో వార్తల కంటే ఇదే నయం, ఒక్క నొక్కుతో పోతుంది.”

వాటిల్లో సగం షాపు కుర్రాడు వేసినవి. మిగతా సగం, సిగ్గుపడుతూనే చెబుతున్నా, ఏదో ఒక పండక్కి వచ్చినప్పుడు నేను వేసినవే.

ఏం తిని బతుకుతోంది?

సాఫ్ట్‌వేర్ గురించి మనం అడిగే మొదటి ప్రశ్న ఇది ఏం చేస్తుంది అని. రెండోది ఫ్రీయేనా అని. అక్కడితో ఆగిపోతాం. మూడోది ఒకటి అడగాలి. ఇది ఏం తిని బతుకుతోంది? అన్నం పెట్టేవాళ్ళు లేకుండా ఏ ప్రోగ్రామూ పదేళ్ళు నడవదు.

యాంటీవైరస్ సంగతే చూడండి. అవాస్ట్ అనే కంపెనీ ఉచిత యాంటీవైరస్‌ని లోకమంతా వాడింది. వాడేవాళ్ళు ఏయే సైట్లకు వెళ్తున్నారో ఆ వివరాలు పోగుచేసి, జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకుంటోందని బయటపడ్డాక 2020 జనవరిలో ఆ సంస్థని మూసేసింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అవాస్ట్ 1.65 కోట్ల డాలర్లు కట్టాలని చెప్పి, ప్రకటనల కోసం అలాంటి వివరాలు అమ్మకూడదని కట్టడి చేసింది. మా ఇంట్లో ఉన్నవి వేరే కంపెనీలవి, అవి అలా చేశాయని నేననడం లేదు. కాపలాకి పెట్టుకున్నవాడే మనం ఎక్కడికి వెళ్తున్నామో రాసుకుని అమ్ముకోగలడని ఒకసారి తెలిశాక, ఆ బొమ్మల వైపు పాత కళ్ళతో చూడలేకపోయాను. పైగా విండోస్ 8 నుంచీ దాని సొంత యాంటీవైరస్ డిఫెండర్ లోపలే ఉంది. ఇంటి కంప్యూటర్‌కి అది చాలు. రెండూ తీసేశాను. బండి సగం తేలికపడింది.

చెత్త ఊడ్చేవాటి గురించైతే ఎక్కువ మాట్లాడక్కర్లేదు. ఆ పని విండోసే చేసుకుంటుంది. వాటిల్లో పేరు మోసిన సీక్లీనర్‌లోకి 2017లో దొంగలు దూరి, కంపెనీ సొంత సైటు నుంచి దిగే 5.33 వెర్షన్‌లోనే హానికరమైన కోడ్ కలిపేశారు. శుభ్రం చేసేదాన్ని నమ్మి వేసుకున్నవాళ్ళకే అంటుకుంది.

అదే, వీడియోలు చూపించే వీఎల్‌సీ ఏం తిని బతుకుతోంది? 1996లో పారిస్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. 2001లో సోర్సు కోడ్‌తో సహా, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాతతో సహా, అందరికీ ఇచ్చేశారు. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది, విరాళాలు, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు. ప్రకటన లేదు, ఎర్రగా పైకి లేచేది లేదు. దాని గుర్తు రోడ్ల మీద అడ్డం పెట్టే శంకువు కాబట్టి నాన్న దాన్ని “ఆ రోడ్డు మీది టోపీ” అంటారు. ఆ టోపీ ఇన్నేళ్ళలో ఆయన్ని ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు.

ఇక్కడొక చిక్కుంది. మంచి ప్రోగ్రామైనా తెచ్చుకునే దారిలో చెడిపోవచ్చు. పేరు కొట్టి వెతికితే పైన నాలుగు ప్రకటనలు, వాటి లోపల ‘డౌన్‌లోడ్’ అని ఆకుపచ్చగా మెరిసే బటన్లు, అసలుది ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో. ఒకప్పుడు అందరూ నమ్మిన సోర్స్‌ఫోర్జ్ అనే డౌన్‌లోడ్ సైటులోనే 2015లో, ఫోటోలు దిద్దే జింప్ ఇన్‌స్టాలర్‌కి ప్రకటనలు చుట్టి ఇస్తే పెద్ద గొడవైంది. 2022లో మన దేశంలో వీఎల్‌సీ సైటు కొన్ని నెలలపాటు తెరుచుకోలేదు. ప్రభుత్వం ఆపేసింది, చివరికి లీగల్ నోటీసు ఇచ్చాక నవంబరులో తెరిచారు. ఆ నెలల్లో ఎంతమంది ఆ పేరుతో ఎక్కడెక్కడి నుంచి ఏమేం దించుకుని ఉంటారో! నాన్న దగ్గరున్న మూడు పీడీఎఫ్ ప్రోగ్రాముల్లో రెండు అలా ఆకుపచ్చ బటన్ నొక్కితే వచ్చినవే.

పికాసా పోయింది, ఆఫీసు మిగిలింది

అయితే తిండి ఎవరు పెడుతున్నారన్న ప్రశ్న ఒక్కటీ సరిపోదు. ఆ సంగతి నాకు నాన్న ఫోటోలు నేర్పాయి.

2009 ప్రాంతంలో ఫోటోలు సర్దుకోవడానికి నేనే పికాసా వేసిచ్చాను. గూగుల్ ఇచ్చేది, ఫ్రీ, ప్రకటనలు కూడా ఉండేవి కావు. నాన్న దాంతో ఎంత కష్టపడ్డారంటే, మా తాతయ్య అన్నదమ్ముల పిల్లల పెళ్ళిళ్ళ ఫోటోలన్నీ స్కాన్ చేయించి, ఒక్కో ముఖం మీదా పేరు రాసుకున్నారు. పెద్దనాన్న గారి రెండో అల్లుడి తమ్ముడు, ఆచంట చిట్టి పిన్ని, ఇలా. మూడు తరాల చుట్టరికం అందులో ఉంది. 2016లో గూగుల్ పికాసా ఆపేసింది. అప్పటికే ఉన్నది కొంతకాలం నడిచింది. తర్వాత ఒకసారి షాపులో ఫార్మాట్ కొట్టినప్పుడు ఫోటోలు జాగ్రత్తగా కాపీ చేసి పెట్టారు గానీ, పేర్లు దాచిన ఫైళ్ళు కంటికి కనబడనివి కాబట్టి అక్కడే పోయాయి. ఫోటోలున్నాయి, ముఖాలున్నాయి, పేర్లు లేవు. ఆ ముఖాల్లో కొందరిని గుర్తుపట్టగలిగిన మా నాయనమ్మ 2018లో పోయింది.

పికాసా ఫ్రీయే. దానికి తిండికి లోటు లేదు, లోకంలోకెల్లా డబ్బున్న ఇంట్లో పెరిగింది. పెట్టేవాళ్ళకి ఇక పెట్టాలనిపించలేదు, అంతే.

దీని పక్కన ఇంకో కథ పెట్టి చూడండి. సన్ అనే కంపెనీ మైక్రోసాఫ్ట్ ఆఫీసు లాంటి ఓపెన్‌ఆఫీస్‌ని సోర్సుతో సహా ఫ్రీగా ఇచ్చేది. 2010 జనవరిలో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. కొత్త యజమానికి దీని మీద మనసుందో లేదో తెలియని పరిస్థితి. అదే సంవత్సరం సెప్టెంబరులో దాన్ని రాసేవాళ్ళలో చాలామంది కోడ్ పట్టుకుని బయటికొచ్చి, డాక్యుమెంట్ ఫౌండేషన్ అని పెట్టుకుని, లిబ్రెఆఫీస్ అని పేరు మార్చి పని సాగించారు. అలా పట్టుకెళ్ళే హక్కు దాని లైసెన్సులోనే ఉంది. యజమాని కాదన్నా ఇల్లు నిలబడింది. పికాసాకి ఆ హక్కు లేదు కాబట్టి, అంతమంది వాడుతున్నా దాన్ని ఎవరూ ఎత్తుకోలేకపోయారు.

ఇంగ్లీషువాళ్ళకి రెంటికీ ‘ఫ్రీ’ అన్న ఒకటే మాట. 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మొదలుపెట్టిన స్టాల్‌మన్ అప్పట్నుంచీ ఆ తేడా విడమరిచి చెప్పుకుంటూనే ఉన్నాడు. మనకా తిప్పలు లేవు. డబ్బు తీసుకోకపోతే ఉచితం, హక్కులిస్తే స్వేచ్ఛ. హైదరాబాద్‌లో ఈ పని చేస్తున్న సంస్థ తన పేరే ‘స్వేచ్ఛ’ అని పెట్టుకుంది. ఇదంతా భోజనాల దగ్గర నాన్నకి చెబుతుంటే ఆయన ముద్ద ఆపి, “ఉచితమంటే అసలు అర్థం ఊరికే వచ్చేదని కాదురా. తగినదని. ఉచితానుచితాలు అంటాం, సముచితం అంటాం, ఔచిత్యం దాన్నుంచి వచ్చిందే. ఊరికే వచ్చేది అన్న అర్థం తర్వాత అంటుకుంది” అన్నారు. నాకు ఆ పూట కావలసిన మాట పప్పన్నంలో దొరికింది.

అప్పట్నుంచీ నా కొలత ఒకటే. రేపు ఇది పోతే, లేదా దీని యజమాని బుద్ధి మారితే, నేను ఇందులో పెట్టుకున్నది నా చేతికి వస్తుందా? వస్తుందంటే అది ఉచితం, నాన్న చెప్పిన అర్థంలో. రాదంటే ఎంత చవకైనా, ఎంత బాగున్నా, అనుచితమే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని నేనిష్టపడేది సిద్ధాంతం కోసం కాదు. వదిలేసి వచ్చేసేటప్పుడు సామాను ఆపుకోదు, అందుకు.

దీనికి ఎదురు చెప్పేవి లేకపోలేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌నీ కొంటారు. శబ్దాలు ఎడిట్ చేసే ఆడాసిటీని 2021లో మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ తీసుకుంది, కొన్ని నెలలకే వాడేవాళ్ళ వివరాలు సేకరిస్తామన్నట్టు ప్రైవసీ పాలసీ రాసి తిట్లు తింది. అయితే జనం గొడవ చేశారు, కొందరు కోడ్ తీసుకుని వేరు కుంపటి పెట్టారు, కంపెనీ మాట మార్చుకుంది. అరిచినా ఫలితం ఉండేది తలుపు తెరిచి ఉన్నప్పుడే. క్లౌడ్‌లో ఫ్రీగా దొరికేవాటితో ఆ బేరం కుదరదు. గూగుల్ ఫోటోస్‌లో ఎన్నైనా పెట్టుకోండన్నారు, 2021 జూన్ 1 నుంచి 15 జీబీలోనే లెక్క అన్నారు. తప్పని అనను. వాళ్ళ గోదాము, వాళ్ళ అద్దె.

ఏవి వేశాను, ఏవి వేయలేదు

ఆపరేటింగ్ సిస్టమ్ జోలికి దసరాకి వెళ్ళలేదు. ఇది నేను పాత దెబ్బలు తిని నేర్చుకున్నది. ముందు విండోస్ మీదే ప్రోగ్రాములు మార్చాలి. అవి అలవాటయ్యాక కింద నేల మార్చినా పెద్దవాళ్ళకి తెలియదు. లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్, అందులో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్, వీఎల్‌సీ, ఫోటోలకి డిజికామ్. ఇవన్నీ విండోస్‌లోనూ, దానికి బదులు వాడుకోగల స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లోనూ ఒకేలా నడుస్తాయి. డిజికామ్‌లో ముఖాలకి పేర్లు పెడితే, అడిగితే ఫోటో ఫైల్లోనే రాసేస్తుంది. ఈసారి ఎవరు ఫార్మాట్ కొట్టినా చిట్టి పిన్ని చిట్టి పిన్నిగానే ఉంటుంది.

జింప్ వేయలేదు. ఫోటోషాప్‌కి బదులేమిటని అడిగిన ప్రతివాళ్ళకీ జింప్ చెప్పడం మనకొక జబ్బు. నాన్నకి కావలసింది ఫోటోని కత్తిరించడం, నిలువుగా తిప్పడం. దానికి జింప్ అంటే కొబ్బరికాయ కొట్టడానికి పొక్లెయిన్ తెచ్చినట్టు. పాస్‌వర్డ్‌లు దాచే ప్రోగ్రామూ వేయలేదు. నేను కీపాస్ఎక్స్‌సీ వాడతాను, అది లేకపోతే నాకు రోజు గడవదు. నాన్న పాస్‌వర్డ్‌లు ఎల్‌ఐసీ డైరీలో చివరి పేజీలో ఉంటాయి, డైరీ బీరువాలో ఉంటుంది, బీరువా తాళం అమ్మ దగ్గర ఉంటుంది. ఇంతకంటే మంచి ఏర్పాటు నా దగ్గర లేదు.

గొడవంతా లిబ్రెఆఫీస్ దగ్గరే. నాన్న రామాలయం కమిటీకి లెక్కలు రాస్తారు. పదేళ్ళ ఎక్సెల్ షీట్లు తెరిస్తే సూత్రాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ ఒక షీట్లో మొత్తం 1,250,000 అని కనిపించింది. “ఇదేంట్రా, పన్నెండున్నర లక్షలా, కోటి పాతిక లక్షలా? కమిటీవాళ్ళకి చూపిస్తే నేను తినేశాననుకుంటారు.” నంబర్ ఫార్మాట్‌లో కామాలు మన లెక్కన పడేలా చేత్తో రాసి 12,50,000 చేశాను. రెండు నిమిషాల పనే. కానీ పక్కన నేను లేకపోతే ఆ రెండు నిమిషాలు ఎవరిస్తారు? ఇంకోటి, ఆయన రాసి పంపిన ఉత్తరం అవతలివాళ్ళ వర్డ్‌లో రెండో పేజీలోకి ఒక్క లైను జారిపోయింది. దానికి నా దగ్గర మందు లేదు. చదవడానికే పంపేదైతే పీడీఎఫ్ చేసి పంపమన్నాను. కొన్ని బాధలతో సర్దుకుపోవాలి. అవి లేవని చెప్పే మా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ళ మీద నాకు కోపం.

షాపు కుర్రాడి పక్షాన

నాకు ఇప్పటికీ సమాధానం దొరకని అభ్యంతరం ఒకటుంది.

మొన్న ఎండాకాలంలో ఒక సాయంత్రం పిడుగులు పడి, కంప్యూటర్‌కి కరెంటిచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్ కాలిపోయింది. నేను హైదరాబాద్‌లో కూర్చుని “నాన్నా, వైరు పీకి మళ్ళీ పెట్టండి” అన్నాను, ఫోన్‌లో అంతకంటే ఏం చెప్పగలను. రాత్రి ఎనిమిదింటికి బండేసుకుని వచ్చి మార్చింది ఆ కుర్రాడే. క్రాక్ సాఫ్ట్‌వేర్ వేస్తాడని నేను ముఖం చిట్లించే మనిషే మా ఇంటికి నిజమైన సపోర్టు. దొంగ కాపీని అసలుదిలా నడిపించే యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలి, అంటే దొంగని రమ్మని కుక్కని కట్టేయడమే, ఇది అతనికీ తెలుసు. అడిగితే, “అన్నా, ఒరిజినల్ ఆఫీసు కొనండంటే ఈ ఊళ్ళో ఎవరు కొంటారు? నేను వెయ్యకపోతే పక్క షాపువాడు వేస్తాడు” అన్నాడు. కొనకుండానే దొరికేది ఇంకోటి ఉంది కదా అంటే, “దాన్ని ఎవరూ అడగరన్నా. అడిగింది వేస్తాం.”

నా చేతిలో కంప్యూటర్ ఉందని నా ఇష్టం వచ్చినట్టు మార్చేసి వెళ్ళిపోతే, రేపు ఏదైనా అయితే ఆయన ఎవరిని పిలవాలి? మంచి సాఫ్ట్‌వేర్, చుట్టుపక్కల ఎవరికీ తెలియని సాఫ్ట్‌వేర్ అయితే మంచిదెలా అవుతుంది? లినక్స్ వాడేవాళ్ళం దీన్ని చాలా తేలిగ్గా తీసేస్తాం, నెట్‌లో వెతికితే దొరుకుతుందంటాం. డెబ్బై రెండేళ్ళ మనిషికి నెట్ అంటే ఆ ఆకుపచ్చ బటన్లే.

విండోస్ 10 మీదే ఇంకో ఏడాది లాగి ఉండొచ్చు కూడా. మైక్రోసాఫ్ట్ ఖాతాతో చేరితే ఇళ్ళవాళ్ళకి 2026 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు. కానీ మా దాంట్లో ఉన్నది ఎప్పుడో ఫార్మాట్‌లో వేసిన దొంగ కాపీ. దొంగ కాపీకి వెళ్ళి రక్షణ అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు పాత హార్డ్ డిస్కు బదులు వేగంగా నడిచే చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి, పాత డీడీఆర్3 ర్యామ్ ఇంకో 4 జీబీ తీసుకెళ్ళాను. కనుమ నాడు లినక్స్‌లో ఒక రకమైన మింట్ ఎక్కిద్దామనుకుని, ఒక్కణ్ణే కూర్చోకుండా ఆ కుర్రాడిని పిలిచాను. కేసు విప్పి ఎస్‌ఎస్‌డీ బిగించింది అతనే. పెన్ డ్రైవ్ నుంచి మింట్ ఎక్కడానికి పావుగంట పట్టింది. ప్రింటర్‌ని అదే పసిగట్టింది. స్కానర్ మొరాయించింది, నేను అరగంట తిప్పలు పడితే అతను కేబుల్ మార్చి వెనక పోర్టులో పెట్టాడు, పనిచేసింది! అంతా అయ్యాక అడిగాడు.

“దీనికి యాక్టివేషన్ ఎక్కడన్నా?”

“లేదు.”

“యాంటీవైరస్?”

“అక్కర్లేదు.”

“ఆరు నెలలకోసారి ఫార్మాట్?”

“2029 దాకా అప్‌డేట్లు అవే వస్తాయి.”

కాసేపు తెర వైపు చూశాడు. “మరి నాకేం పనుంటుంది?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నేను తిరిగి నవ్వలేకపోయాను. సాఫ్ట్‌వేర్ ఏం తిని బతుకుతోందని ఇంతసేపూ అడిగినవాణ్ణి, దాన్ని వేసే మనిషి ఏం తిని బతుకుతాడని అడగలేదు. రెండు గంటల పనికి ఎంతివ్వాలంటే మళ్ళీ ఐదొందలే అన్నాడు. వెయ్యి ఇచ్చాను. మింట్ పెన్ డ్రైవ్ కూడా అతనికే ఇచ్చేశాను. ఇప్పటిదాకా ఎవరికీ వేయలేదట.

మా బావకి మాత్రం ఈ సలహాలేవీ ఇవ్వలేదు. ఆయన జీఎస్టీ రిటర్నులు వేసే మనిషి. ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్, వాటి డ్రైవర్లు, అంతా విండోస్ లోకం. కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కున్నాడు, మంచి పని చేశాడు. ఊళ్ళో పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ షాపులవాళ్ళకీ నేను చెప్పగలిగిందేమీ లేదు. అక్కడ ఇప్పటికీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగుకి అనూ ఫాంట్లే రాజ్యమేలుతున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు.

సీడీ

పేజ్‌మేకర్ పేరెత్తడానికి కారణముంది. కనుమ సాయంత్రమే నాన్న బీరువాలోంచి ఒక సీడీ తెచ్చారు. 2004లో ఆయన రాసిన కందపద్యాల శతకం. అప్పట్లో ఊళ్ళో డీటీపీ చేయించి మూడొందల కాపీలు వేయించారు. ఇంట్లో రెండు మిగిలాయి, ఒకదాన్ని చెదలు సగం చదివేశాయి. తప్పులు దిద్ది మళ్ళీ వేయించాలని ఆయన కోరిక. డీటీపీ చేసిన షాపు ఇప్పుడు లేదు.

సీడీ తెరుచుకుంది, అదే ఆశ్చర్యం. లోపల పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటే ఉంది. నేను పెద్దగా నమ్మకం లేకుండానే లిబ్రెఆఫీస్ డ్రాలో తెరిచాను. పదేళ్ళ కిందటే దానికి పేజ్‌మేకర్ ఫైళ్ళు చదవడం నేర్పారు ఎవరో, పాత ఫైళ్ళు సమాధి కాకూడదన్న పట్టుదలకొద్దీ. పేజీలు వచ్చాయి. చట్రాలు కొన్ని పక్కకి జరిగాయి, పేజీ అంకెలు ఎక్కడో ఎగిరిపోయాయి, కానీ నాలుగు నాలుగు పాదాలుగా పద్యాలు నిలబడ్డాయి. నిలబడ్డాయే గానీ, ఒక్క తెలుగు అక్షరం లేదు. డాలరు గుర్తులు, తలమీద టోపీలు పెట్టుకున్న ఫ్రెంచి అక్షరాలు, కొటేషన్లు, సగం విరిగిన బ్రాకెట్లు. ఆ కాలపు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి నడిపించేవి. ఫాంటు లేకపోతే అచ్చం చెత్త.

నాన్న కళ్ళద్దాలు సవరించుకుని చూసి, “నేను రాసింది ఇదా?” అన్నారు.

ఆ చెత్తని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగా చదవగలిగే పద్ధతిలోకి, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒకదాంట్లో పోసి తిప్పితే తెలుగు వచ్చింది, ఒత్తులు కొన్ని చెల్లాచెదురై, కొన్ని క్షలు విరిగిపోయి. దాన్ని లిబ్రెఆఫీస్ రైటర్‌లో పెట్టాను. ఫాంటు ఎంచుకోమంటే నాన్న సంబరం చూడాలి. మండలి, గిడుగు, సూరన్న, పెద్దన, రామభద్ర, అన్నీ స్వేచ్ఛగా వాడుకోవచ్చు. చివరికి ‘పోతన’ దగ్గర ఆగారు, పేరు చూసే అనుకుంటా. టైపు చేయడానికి ఆయనకి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి అలవాటు, మింట్‌లో అది దొరికింది. అరసున్న ఎక్కడుందో వెతకడానికి మాత్రం ఒక పూట పట్టింది.

మొదటి తప్పు నేను పట్టుకోలేదు, ఆయనా చదివి పట్టుకోలేదు. విని పట్టుకున్నారు. నేను పైకి చదువుతుంటే మూడో పాదం దగ్గర చెయ్యెత్తారు. “ఆగు. ప్రాస పోయింది. రెండో అక్షరం ‘ల్ల’ ఉండాలి, నువ్వు ‘ల’ అంటున్నావు. నేనలా రాయను.” చూస్తే కన్వర్టరు అక్కడ ఒత్తు రాల్చేసింది. ఆ తర్వాత అదే పద్ధతి. పద్యం చదవడం, గణం తప్పినా ప్రాస తప్పినా అక్కడ కన్వర్టరుది తప్పని తేల్చడం. నాకు తెలిసి ప్రపంచంలో ఏ సాఫ్ట్‌వేర్‌నీ ఛందస్సుతో పరీక్షించి ఉండరు.

నేను వచ్చేశాక ఆయనే కూర్చుని దిద్దుకుంటున్నారు. ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టి, తర్వాత కంప్యూటర్‌లో మారుస్తారు, పరీక్ష పేపర్లు దిద్దినట్టే. ప్రతి ఆదివారం ఫైలుని పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి బీరువాలో పెట్టడం అమ్మ డ్యూటీ. మొన్న ఆదివారానికి అరవై ఒకటో పద్యం దగ్గరున్నారు. ఫోన్‌లో గొంతు కాస్త తగ్గించి చెప్పారు.

“ఒరే, నలభై మూడో పద్యంలో తప్పు కన్వర్టరుది కాదురా. పుస్తకంలోనూ అలాగే ఉంది. యతి నేనే తప్పాను. ఇరవై రెండేళ్ళయింది, ఒక్కడూ చెప్పలేదు.”